ఫకతానెలో అయిదు రోజులు: ఆటుపోట్ల లెక్కన

న్యూజిలాండ్ ఉత్తర దీవికి తూర్పున, బే ఆఫ్ ప్లెంటీ అనే అఖాతం ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఫకతానె. ఇక్కడికి వచ్చేవాళ్లు గది కన్నా ముందు, బండి కన్నా ముందు చూసుకోవలసింది ఆటుపోట్ల పట్టిక. ఊరు సరిగ్గా నది మొగలో ఉంది. ఎదురుగా సముద్రంలో ఉన్న మౌతొహొరా దీవికి వెళ్లే పడవ మొగలో మేట వేసిన ఇసుకను దాటాలి, అందుకు నీళ్లు నిండుగా ఉండాలి. కొండ అంచు కాలిబాట ఒకచోట సముద్రపు ఒడ్డులోకి దిగుతుంది, అక్కడ నీళ్లు తగ్గాలి. దీవి మీద వేడినీళ్లు ఊరే ఇసుక తేలడానికీ నీళ్లు తగ్గాలి. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. ఈ సోమవారం ఉదయం తొమ్మిదికి ఆటు ఉంటే, వచ్చే సోమవారం దాదాపు అదే వేళకు పోటు ఉంటుంది. కాబట్టి కింద రాసిన రోజుల వరస రాతిలో చెక్కింది కాదు. మూడో రోజునూ నాలుగో రోజునూ పట్టిక చూసి తారుమారు చేసుకోవచ్చు, చాలాసార్లు చేసుకోవలసే వస్తుంది.

ఊరి పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో మొదట డబ్ల్యూ, హెచ్ కనిపిస్తాయి గానీ, ఇక్కడి మూలవాసులైన మావోరీల భాషలో ఆ జంట పలికేది 'ఫ' అని. అలవాటు పడితే మావోరీ పేర్లు తెలుగువాళ్ల నోటికి ఇట్టే పట్టుబడతాయి. తెలుగు అజంత భాష అంటాం కదా, మావోరీలోనూ ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా వాళ్లకూ ఉంది. అక్షరం మీద అడ్డగీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. మనం గుణింతంలో నేర్చుకుని వదిలేసిన 'ఙ' అక్కడ మాట మొదట్లోనే వస్తుంది. ఈ ఊరి తెగ పేరు ఙాతి ఆవా. పేరు సరిగ్గా పలికితే ఎదుటివాళ్ల ముఖంలో తెలుస్తుంది. ఒక సాయంత్రం కూర్చుని సాధన చేయదగ్గ పని.

ఎప్పుడు వెళ్లాలి? క్రిస్మస్ నుంచి జనవరి చివరిదాకా అక్కడ వేసవి సెలవులు. పక్కనే ఉన్న ఓహోపె తీరంలో గదులు దొరకవు, దొరికినా ధర మండుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు: నీళ్లు వెచ్చగా ఉంటాయి, జనం పలచబడతారు. కివీ పిట్ట కూత వినాలనుకునేవాళ్లు మాత్రం ఏప్రిల్ దాటాక రావాలి. భారతీయ పాస్‌పోర్టుకు విజిటర్ వీసా ముందే తీసుకోవాలి. విమానాశ్రయంలో తిండి వస్తువులు ప్రతి ఒక్కటీ ఫారంలో చూపాలి. ఆవకాయ, కరివేపాకు, తేనె, విత్తనాలు, మట్టి అంటిన బూట్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. చూపించి పారేయించుకుంటే జరిమానా లేదు. చూపకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు కట్టాలి.

మొదటి రోజు: రాయి, జలపాతం, గుహ

ఆక్లాండ్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు. రోటోరువా నుంచి 30వ నంబరు రాజమార్గంలో 85 కిలోమీటర్లు, రోటోఇతి, రోటోమా సరస్సుల పక్కగా సాగే అందమైన దారి. మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడపాలి. కొత్తవాళ్లు తడబడేది ఒంటి వరస వంతెనల దగ్గర. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా ఎర్రగా ఉంటే ఆగి, ఎదుటివాళ్లను వదలాలి.

మధ్యాహ్నం చేరినా మొదటి రోజుకు చాలు, చూసేవన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. ఊరి నడిమధ్య, దుకాణాల వీధిలో నిటారుగా లేచిన బండ పోహతురోవా. ఒకప్పుడు దీని మొదలును నీళ్లు తాకేవి. మావోరీలకు ఇది పవిత్ర స్థలం. 1840 జూన్ 16న పన్నెండుమంది ఙాతి ఆవా పెద్దలు, బ్రిటిష్ రాణితో మావోరీలు చేసుకున్న వైటాంగి ఒప్పందం మీద సంతకాలు చేసింది ఇక్కడే. ఎక్కడానికి వీల్లేదు. చుట్టూ తోటలా ఉంది కదా అని దీని కింద కూర్చుని తినడం మొదలుపెట్టకూడదు. తిండిని పవిత్రమైన చోట్ల నుంచి దూరంగా ఉంచడం మావోరీ ఆచారంలో పునాది లాంటిది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం తప్పులు జరగవు.

మాతాతువా అనే పెద్ద పడవ మీద తొరోవా అనే నాయకుడు తన జనంతో ఇక్కడికి వచ్చాడన్నది ఈ ఊరి మూలకథ. అతని తండ్రి ఇరకేవా మూడు ఆనవాళ్లు చెప్పి పంపాడు: ఒక జలపాతం, ఒక గుహ, మొగ దగ్గర ఒక రాయి. జలపాతం తె వైరెరె, ఊరి వెనక కొండగోడ మీంచి దూకుతుంది, వీధి చివర్నుంచి కొద్ది నిమిషాల నడక. వానలు పడిన మరునాడు చూడాలి. గుహ తె అనా ఓ మురివై, తొరోవా చెల్లెలు మురివై నివసించిన చోటు. కప్పు కూలి ఇప్పుడు కొద్ది లోతే మిగిలింది. గుహ అన్న మాట విని పెద్దగా ఊహించుకుంటే నిరాశే. మూడు ఆనవాళ్లూ ఒకే మధ్యాహ్నం కాళ్లతో కలుపుకోవడంలో ఉంది దాని విలువ.

అక్కడి నుంచి మొగ వైపు నడిస్తే, రాతి కొన మీద కంచు బొమ్మగా వైరకా నిలబడి ఉంటుంది. 1965లో నిలిపారు. పడవ ఒడ్డుకు చేరాక మగవాళ్లు దిగి వెళ్లారు, ఆడవాళ్లు పడవలోనే ఉన్నారు. నీటి ఊపుకు పడవ సముద్రంలోకి కొట్టుకుపోసాగింది. తెడ్డు ముట్టడం ఆడవాళ్లకు నిషేధం. తొరోవా కూతురు వైరకా తెడ్డు అందుకుని, 'నేను మగవాడిలా చేస్తాను' అంటూ పడవను ఒడ్డుకు చేర్చింది. ఫకతానె అంటే అదే: మగవాడిలా చేయడం. పొరుగున ఉన్న తెగ ఈ పని మురివైదని చెప్పుకుంటుంది. ఏది నిజమని మనం తేల్చబోవడం అనవసరం. ఎవరి ఇంట్లో కూర్చుంటే వాళ్ల కథ వినాలి.

బొమ్మ దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి మొగను చూడండి, మూడో రోజుకు పనికొస్తుంది. ఆటు వేళ నది నీళ్లు జోరుగా సముద్రంలోకి వస్తుంటాయి. ఎదురుగా అలలు లోపలికి వస్తుంటాయి. రెండూ ఇసుక మేట మీద, లోతు తక్కువ ఉన్నచోట ఢీకొంటాయి. అక్కడ అల పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. ఉత్తరపు అలలు బలంగా ఉన్నప్పుడు ఆటు వేళ మొగ దాటడం అందుకే ప్రమాదం. వాతావరణం నిర్మలంగా, ఎండ కాస్తూ ఉన్నా పడవ రద్దయిందంటే కారణం ఇదే. దూరాన ఎక్కడో లేచిన గాలికి పుట్టిన అల ఇక్కడ మొగను మూసేస్తుంది.

రెండో రోజు: ఇంటికి తిరిగొచ్చిన ఇల్లు

ఈ ఊళ్లో ఒక్కటే చూసే వీలుంటే మాతాతువా ఫరెనుయి చూడాలి. ఫరెనుయి అంటే పెద్ద ఇల్లు, తెగ కలుసుకునే చెక్కడపు ఇల్లు. మొగకు వెళ్లే దారిలో, తె మానుకా తూతహి అనే మరాయెలో ఉంది. మరాయె అంటే ఆ ఇల్లూ ముంగిలీ కలిసిన ఆవరణ.

ముందు దీని వెనకటి సంగతి. 1865లో ఓపోతికిలో ఫోల్క్నర్ అనే మతప్రచారకుణ్ణి, ఫకతానెలో ఫులూన్ అనే ప్రభుత్వ ఉద్యోగిని చంపారు. దాన్ని పట్టుకుని ప్రభుత్వం సైన్యాన్ని దించి, 1866లో ఙాతి ఆవాల భూమి 2 లక్షల 45 వేల ఎకరాలు జప్తు చేసింది. హత్యలతో సంబంధం లేనివాళ్ల భూములూ పోయాయి. చెదిరిన జనాన్ని తిరిగి ఒకచోట చేర్చడానికి ఙాతి ఆవా శిల్పులు కట్టిన ఇల్లు ఇది. 1875లో తెరిచారు. నాలుగేళ్లకే ప్రభుత్వం దీన్ని విప్పి, 1879 సిడ్నీ ప్రదర్శనకు పంపింది. అక్కడ గోడలను లోపలిది బయటికి తిప్పి నిలబెట్టారు, చెక్కడాలు దారిన పోయేవాళ్లకు కనిపించాలని.

ఆ పని ఎంత ఘోరమో తెలియాలంటే ఇంటి అవయవాలు తెలియాలి. ఫరెనుయి ఒక పూర్వీకుడి దేహం. ముందు కప్పు కొన మీద ఉన్నది అతని ముఖం. అటూ ఇటూ వాలిన పలకలు చాచిన చేతులు. లోపలి నడిమి దూలం వెన్నెముక, రంగుల మెలికలు వేసిన వాసాలు పక్కటెముకలు. గోడ పొడవునా నిలిచిన చెక్కడపు పలకలు ఒక్కొక్కటీ ఒక్కో పూర్వీకుడు, వాటి మధ్య అల్లికల తడికెలు. లోపల కూర్చోవడమంటే ఆ పెద్దాయన గుండెల్లో కూర్చోవడం. అలాంటి దేహాన్ని తిరగేసి ఎండకూ వానకూ పెట్టారు.

తర్వాత మెల్‌బోర్న్, అక్కడి నుంచి లండన్. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో కొంతకాలం ఆరుబయట, ఆపైన దశాబ్దాలు గోదాములో ఉంది. 1924లో వెంబ్లీ ప్రదర్శనకు మళ్లీ బయటికి తీశారు. 1925లో న్యూజిలాండ్ వచ్చింది గానీ ఇంటికి కాదు. దక్షిణ దీవి కొసన డనీడన్ ప్రదర్శనకు వచ్చి, అక్కడి ఒటాగో మ్యూజియంలో ఉండిపోయింది. గదిలో పట్టించడానికి పలకలను కోశారు. పెద్దలు ఏళ్ల తరబడి అడిగాక 1996లో తిరిగి ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. బాగుచేతకు పదిహేనేళ్లు పట్టింది. 2011 సెప్టెంబరు 17న, ఊరు విడిచిన 130 ఏళ్ల తర్వాత, తలుపులు తెరుచుకున్నాయి. తీసుకుపోయినవి తిరిగి రావన్నది అందరూ అనే మాట. ఈ ఇంటి గుమ్మంలో నిలబడితే ఆ మాట అనబుద్ధి కాదు. భూమి జప్తు విషయంలోనూ 2005లో పరిష్కార చట్టం వచ్చింది, ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

సందర్శన ముందుగా బుక్ చేసుకోవాలి. మరాయెలో అంత్యక్రియలు జరుగుతుంటే సందర్శకులను ఆపేస్తారు. అక్కడ మృతులకే మొదటి స్థానం, కాబట్టి మరో రోజు చేతిలో ఉంచుకోవాలి. ద్వారం దగ్గర నిలబడి పిలుపు కోసం ఆగాలి. లోపలి నుంచి ఒక స్త్రీ గొంతు రాగం తీసి పిలుస్తుంది. అప్పుడు గుంపుగా, నెమ్మదిగా, మాట్లాడకుండా నడవాలి. ముందు వరస కుర్చీలు మాట్లాడే పెద్దలవి. పలకరింపు హోఙి: ముక్కు ముక్కుకు, నుదురు నుదురుకు ఆనించి ఒక శ్వాస పంచుకోవడం. తొందరపడి వెనక్కి లాక్కోకూడదు. ఇంట్లోకి చెప్పులు వద్దు, తిండి వద్దు, ఫొటోకు అడగాలి. తలగడ మీద, భోజనం బల్ల మీద కూర్చోకూడదు. తల పవిత్రం, తల ఆనే చోటు కూడా. చెప్పుల సంగతి మనకు కొత్త కాదు గానీ, బల్ల అంచున చేరగిలబడే అలవాటు చాలామందికి ఉంది.

భోజనంలో హాఙి దొరికితే శాకాహారులు ఒకటి అడిగి తెలుసుకోవాలి. కాలిన రాళ్ల మీద బుట్టలు పెట్టి, తడిబట్ట కప్పి, మట్టి పోసి మూడు నాలుగు గంటలు ఆవిరి మీద ఉడికించే వంట అది. మాంసమూ దుంపలూ ఒకే గుంటలో ఉడుకుతాయి, మాంసం రసం దుంపల్లోకి దిగుతుంది. కూమరా అంటే మన చిలగడదుంపే. రేవెనా అనే రొట్టెను బంగాళదుంప పులిసిన తోడుతో చేస్తారు. పెరుగు తోడులా కొంచెం మిగుల్చుకుంటూ ఆ తోడును ఏళ్ల తరబడి పెంచుతారు.

చీకటి పడ్డాక కివీలు. ఈ ఊరి చుట్టుపక్కల అడవుల్లో 300కు పైగా గోధుమరంగు కివీలున్నాయి. స్థానికులు తీసుకెళ్లే రాత్రి నడకలకు పేరు నమోదు చేసుకోవాలి. మగది ఈలలా, మెట్లెక్కినట్టు పైకి పోతూ కూస్తుంది. ఆడదాని కూత బొంగురు. కనిపించడం అదృష్టం, వినిపించడం మామూలు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి, తెల్ల వెలుగు వాటి కళ్లను బాధిస్తుంది. దారిపక్క చెక్క పెట్టెలను ముట్టుకోవద్దు, అవి కివీ పిల్లలను తినే స్టోట్‌లకు పెట్టిన బోన్లు. కుక్కలను రానివ్వకపోవడానికి కారణం ఉంది. ఎగరని పిట్ట కాబట్టి కివీకి బలమైన రొమ్ము ఎముక లేదు. కుక్క ఆటగా నోట కరుచుకున్నా చాలు, చచ్చిపోతుంది.

మూడో రోజు: మౌతొహొరా

ఊరికి 9 కిలోమీటర్ల దూరంలో, నీటిలో తేలిన తిమింగలంలా కనిపించే దీవి. పేరుకూ తిమింగలానికీ సంబంధం ఉంది, ఇంగ్లీషులో వేల్ ఐలాండ్ అంటారు. విస్తీర్ణం 143 హెక్టార్లు, ఎత్తు 353 మీటర్లు, ఆరిన అగ్నిపర్వతపు మొండెం. సొంతంగా వెళ్లి దిగడం కుదరదు. అనుమతి ఉన్న పడవల్లోనే వెళ్లాలి. దీవి బాగోగులు చూసేది ఙాతి ఆవా, ప్రభుత్వం కలిసిన ఉమ్మడి సంఘం.

పడవ బుకింగును యాత్ర ఆఖరి రోజుకు పెట్టుకోకండి, ఇదే ఎక్కువమంది చేసే తప్పు. మొగ మూతపడితే మరో తేదీ ఇస్తామంటారు, మన దగ్గర తేదీ ఉండదు. వచ్చిన మరునాటికో మూడో నాటికో పెట్టుకుంటే రెండోసారి ప్రయత్నించే వీలుంటుంది.

బయలుదేరే ముందు రేవులో సంచులు విప్పి చూస్తారు. రాత్రే ఈ పని మనం చేసుకుంటే మంచిది: సంచి జేబులన్నీ దులపడం, బూట్ల అడుగు గాళ్లలో మట్టి గీకడం, మేజోళ్లకూ వెల్‌క్రోకూ అంటిన గడ్డి గింజలు ఏరడం. తిండి మూత బిగిసే డబ్బాలో ఉండాలి. ఎలుక, చీమ, కలుపు గింజ, ఈ మూడే భయం. ఒకప్పుడు ఇక్కడ మేకలు, కుందేళ్లు, ఎలుకలు చేరి దీవిని గుల్ల చేశాయి. 1915 నుంచి కొన్నేళ్లు రాళ్లు కూడా తవ్వి తీసుకుపోయారు. 1987 నాటికి మేకలు, ఎలుకలు, కుందేళ్లు లేకుండా పోయాయి. ఇప్పుడున్న అడవి ఆ తర్వాత పెరిగిందే. బొద్దింకంత జీవి సంచిలో వెళ్లినా ఆ కష్టమంతా నీళ్లపాలు.

పడవ ఒడ్డుకు పూర్తిగా ఆనకపోవచ్చు, మోకాలిలోతు నీళ్లలో దిగాల్సి రావచ్చు. బూట్లు మెడలో వేసుకుని, ఒడ్డున తొడుక్కోండి. సముద్రం పడనివాళ్లు వికారం మాత్ర బయలుదేరడానికి గంట ముందు వేసుకోవాలి. మొగ దాటాక వేసుకుంటే లాభం లేదు.

నడకలో మొదట వినిపించేది తీయెకె. నల్లటి పిట్ట, వీపు మీద ఇటుకరంగు మచ్చ. మావోరీ పురాణాల వీరుడు మావుయి వేడి చేత్తో పట్టుకుంటే కాలిన గుర్తు అని కథ. ప్రధాన దీవుల అడవుల్లో ఎలుకల వల్ల తుడిచిపెట్టుకుపోయిన పిట్ట ఇక్కడ మనిషి పక్కనే గెంతుతుంది. తువతారా కూడా ఉంది. బల్లిలా కనిపిస్తుంది గానీ బల్లి కాదు, రాక్షసబల్లుల కాలం నాటి ఒక వర్గంలో మిగిలిన ఒకే ఒక్క జీవి. పగలు కనిపించడం అరుదు. బాట దిగవద్దని గట్టిగా చెప్పేది ఓయి అనే సముద్రపు పిట్టల వల్ల. అవి నేలలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి, నేలంతా జల్లెడ. పక్కకు ఒక్క అడుగు వేస్తే బొరియ కూలుతుంది, లోపలి పిల్ల చస్తుంది, మన కాలూ మడతపడుతుంది.

ఆటు దగ్గర పడ్డప్పుడు చేరితే వేడినీళ్ల ఒడ్డు దొరుకుతుంది. చేత్తో ఒక జానెడు తవ్వి, ముందు వేలు పెట్టి చూసి, తర్వాతే కూర్చోండి. రెండడుగుల తేడాలో గోరువెచ్చనిది కాస్తా చర్మం కాల్చేంత వేడిగా మారుతుంది. చల్లని అలను గుంటలోకి మళ్లించుకుంటే సమంగా ఉంటుంది. వెండి నగలు తీసేయండి, గంధకం ఆవిరికి నల్లబడతాయి.

నాలుగో రోజు: కోహీ కొన మీదుగా ఓహోపెకు

ఙా తపువాయె ఓ తొయి, అంటే తొయి అనే పూర్వీకుడి అడుగుజాడలు, 16 కిలోమీటర్ల చుట్టుబాట. మొత్తం నడిస్తే అయిదు నుంచి ఏడు గంటలు. అందరూ మొత్తం నడవనక్కర్లేదు. ఊరి నుంచి కోహీ కొన మీదుగా ఓహోపె దాకా ఉన్న ముక్కే దీని సారం. మెల్లగా నడిచినా ఒక పూట చాలు. తొయి కోట కాపు తె రఙి మట్టి గట్లు దారిలోనే ఉన్నాయి. అక్కడ నిలబడితే కింద నది వంపు, ఊరు, ఎదుట మౌతొహొరా అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి.

కష్టం ఓతరవైరెరె ఒడ్డు దగ్గర. బాట అడవిలోంచి ఇసుకలోకి దిగి, రాళ్ల గుట్టల పక్కగా ఒడ్డు దాటి మళ్లీ ఎక్కుతుంది. ఆటుకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు, ఆ నాలుగు గంటల్లోనే దాటాలి. పోటులో రాళ్ల దగ్గర నీళ్లు కొండను తాకుతాయి. లెక్క ఇలా వేసుకోండి: ఆటు మధ్యాహ్నం 12కు ఉంటే పదికీ రెండుకూ మధ్య ఒడ్డున ఉండాలి. ఊరి నుంచి అక్కడికి రెండు రెండున్నర గంటలు, కాబట్టి తొమ్మిది ప్రాంతంలో బయలుదేరితే నిబ్బరంగా దాటొచ్చు. ఆలస్యమైతే రాళ్ల మీద పాకడం వద్దు, వెనక్కి తిరగండి. పోహుతుకావా చెట్లు నీటి మీదికి వంగిన ఆ ఒడ్డుకు కారు దారి లేదు. ఆ చెట్లు డిసెంబరులో ఎర్రగా పూస్తాయి. తాగే నీళ్లు దారిలో దొరకవు, మనిషికి రెండు లీటర్లు మోసుకోండి. మబ్బు పట్టినా సన్‌స్క్రీన్ తప్పదు, న్యూజిలాండ్ వేసవి ఎండ ఒంటి రంగు చూసి జాలిపడదు. ఓహోపె నుంచి ఊరికి బస్సు ఉంది గానీ రోజుకు కొద్దిసార్లే, వేళలు ముందే చూసుకోవాలి.

కోహీ కొన మీంచి దూరాన, దిగంతంలో తెల్లటి ఆవిరి కనిపిస్తే అది ఫకారి, ఇంగ్లీషులో వైట్ ఐలాండ్. తీరానికి 48 కిలోమీటర్లు. నీటి పైన కనిపించేది కొన మాత్రమే, కొండలో ఎక్కువ భాగం నీటి కిందే. 2019 డిసెంబరు 9 మధ్యాహ్నం రెండు గంటల పదకొండు నిమిషాలకు పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు. 22 మంది చనిపోయారు. పర్యాటకులూ, వాళ్లను తీసుకెళ్లిన గైడ్లూ. అప్పటి నుంచి దిగడం లేదు. విమానంలో పైనుంచి చూపించేవి ఉన్నాయి, బూడిద లేస్తే అవీ ఆగుతాయి. ఊరివాళ్లు ఆనాడు పడవల్లోనూ హెలికాప్టర్లలోనూ కాలిన మనుషుల్ని మోసుకొచ్చారు. కాఫీ కొట్టులో నిలబడి ఆ రోజు గురించి కుతూహలంగా ఆరా తీయకండి.

ఓహోపె తీరం 11 కిలోమీటర్ల ఇసుక. ఈతకు జెండాల మధ్యే దిగాలి. ఇక్కడ బస చేసేవాళ్లు రాగానే సునామీ దారి బోర్డు ఎటు చూపుతుందో చూసుకోండి. భూమి నిమిషానికి మించి కదిలినా, నిలబడలేనంత గట్టిగా కుదిపినా సైరన్ కోసం ఆగకుండా నడిచి కొండెక్కాలి. అందరూ కారు తీస్తే రోడ్డు నిండిపోతుంది.

అయిదో రోజు: ఓహివా, ఓపోతికి

ఓహోపె చివర ఓహివా మడుగు. మావోరీలు దీన్ని తైరొంగో అనే పూర్వీకుడి తిండిబుట్ట అంటారు. ఆటులో చాలా భాగం బురద తేలుతుంది, కాబట్టి కయాక్ నడిపేవాళ్లు పోటుకు రెండు గంటల ముందు దిగి, నీళ్లు తీయకముందే తిరగాలి. లేదంటే తొడలోతు బురదలో పడవ ఈడ్చడమే. పిపి అనే ఆల్చిప్పలు ఏరుకోవచ్చు. రోజుకు మనిషికి ఇన్నే అన్న హద్దు ఉంది, రాహుయి అనే తాత్కాలిక నిషేధం ఉంటే అసలు ముట్టకూడదు. బోర్డు చదివాకే చెయ్యి పెట్టాలి. మడుగు ఒడ్డున తౌఫరె పా, మట్టి గట్లూ కందకాలూ చెక్కుచెదరని పాత కోట, అరగంట నడక.

అక్కడి నుంచి ఓపోతికి గంట లోపు. ఊరి చర్చి హియోనా సెయింట్ స్టీఫెన్స్‌లోనే ఫోల్క్నర్ సమాధి ఉంది. ఆ హత్యకు 1866లో ఉరితీసిన మొకొమొకొ అనే పెద్ద చివరిదాకా తాను నిర్దోషినన్నాడు. 1992లో క్షమాభిక్ష, 2013లో ఆయన గౌరవాన్ని తిరిగి నిలిపే చట్టం వచ్చాయి. రెండో రోజు విన్న జప్తు కథకు ఇది మొదలు కాబట్టి, చివర చూసినా ఇక్కడికి వచ్చి తీరాలి.

ఊరి బయట హుకుతయియా తోటలో తకెతకెరౌ అనే పూరిరి చెట్టు ఉంది, వయసు 2000 ఏళ్లు దాటిందని అంచనా. దాని తొర్రలో పెద్దల ఎముకలు దాచేవారు, తర్వాత వేరేచోట పూడ్చారు. కంచె ఇవతలే నిలబడండి, తినే వస్తువు చేతిలో ఉంటే బండిలో వదిలి రండి. ఇక్కడి నుంచి గిస్‌బోర్న్ వైపు సాగేవాళ్లు ఓపోతికిలోనే ట్యాంకు నింపుకోవాలి. వైయోయెకా లోయ దారి పొడవునా పెట్రోలు దొరకదు, ఫోను సిగ్నలు ఉండదు. పెద్ద వాన పడితే కొండచరియలు విరిగి రోడ్డు మూసేస్తారు. బయలుదేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి.